స్కానింగు యంత్రములును పేదరోగియు

విశాఖపట్టణమునకు దక్షిణమున, డాల్ఫిన్స్ నోస్ కొండకు వెనుక, యారాడ యను గ్రామము కలదు. మూడు దిక్కుల కొండలు, నాలుగవ దిక్కున సముద్రము. సెలవుదినములందు పట్టణవాసులు ఆ తీరమునకు విహారార్థమై పోవుదురు. ఆ యూరివారు జబ్బుపడినపుడు అదే కొండదారిని ఎక్కి దిగి, సింధియా మల్కాపురముల మీదుగా పట్టణమునకు వత్తురు. కొండకు ఆవలిప్రక్కను నౌకానిర్మాణశాల, నౌకాదళస్థావరము, చమురుశుద్ధి కర్మాగారము, రేవు. మరికొంత దూరమున ఉక్కు కర్మాగారము. ఇన్ని మహాయంత్రముల నీడను బ్రతుకుచున్న జనులకు, తమ దేహములోపల నేమి జరుగుచున్నదో చూచి చెప్పగల యంత్రము ఎంత దూరమున నున్నది? దానిని గూర్చి వారికి దెలిసినదెంత? దానిపై వారికి గల హక్కేమి? ఈ ప్రశ్నలు వైద్యులకు మాత్రమే విడిచిపెట్టదగినవి కావు. న్యాయవాదినైన నేను వీని జోలికి వచ్చుట కొందరకు వింతగా దోచవచ్చును. కాని కక్షిదారుల కాగితపు కట్టలలో స్కానింగు పటములు కానరాని వారము నాకు లేదు. ఆ పటములకై పుస్తెలు కుదువబెట్టిన వారిని సైతము చూచియున్నాను.

మన జనసామాన్యమునకు 'స్కానింగు' అను మాట యొక్కటే. గర్భిణికి చేసినను స్కానింగే, తలకు దెబ్బ తగిలినవానికి చేసినను స్కానింగే, నడుమునొప్పికి చేసినను స్కానింగే. ధరలో పదిరెట్ల భేదమున్నను, పనిలో ఆకాశమునకు భూమికి నున్నంత భేదమున్నను, పేరు మాత్రము మారదు. తానేది కొనుచున్నాడో తెలియనివాని సమ్మతి సమ్మతి కానేరదని మా న్యాయశాస్త్రము చెప్పుచున్నది. 2008లో సమీరా కోహ్లీ వ్యాజ్యమునందు సుప్రీముకోర్టువారు, రోగికి తగినంత సమాచార మిచ్చిన పిమ్మట పొందిన సమ్మతియే నిజమైన సమ్మతి యని తీర్పు చెప్పియున్నారు. అది శస్త్రచికిత్సకు సంబంధించిన తీర్పు. దానిలోని న్యాయము స్కానింగు గది తలుపువద్ద ఆగిపోవుటకు కారణము నాకు కనబడదు. కావున ముందుగా ఈ యంత్రములెట్టివో నాకు దెలిసినమట్టునకు చెప్పెదను.

వయస్సున పెద్దది ఎక్స్‌రే. 1895 నవంబరు 8వ తేదీని జర్మనీదేశమున వూర్ట్స్‌బర్గు నగరమందు రాంట్‌జెన్ పండితుడు దీనిని కనుగొనెను. 1901లో భౌతికశాస్త్రమునకిచ్చిన మొదటి నోబెలు బహుమానము ఆయనకే దక్కెను. ఆయన తన ఆవిష్కారముపై పేటెంటు తీసికొనలేదు, లోకమునకు విడిచిపెట్టెను. ఈ సంగతిని స్కానింగు వర్తకులు అప్పుడప్పుడైనను స్మరించుట మంచిది. విరిగిన ఎముకకు, ఊపిరితిత్తులలోని క్షయకు, నిమ్ముకు నేటికిని మొదట తీయవలసినది ఇదే. చవుకది, త్వరగా నగును. మన కర్మాగారములందలి కార్మికులకు దీనివలన మరియొక ప్రయోజనము గలదు. ఇసుకధూళి, ఆస్బెస్టాసు ధూళి పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడినవారి వ్యాధిని నష్టపరిహార చట్టములు వృత్తిరోగముగా గుర్తించినవి. అయితే ఆ వ్యాధికి సాక్ష్యము ఏది? రొమ్ము ఎక్స్‌రే పటములే ప్రధానసాక్ష్యము. ఏటేట తీసిన పటములను వరుసగా దాచుకొనినవాడు న్యాయస్థానమున నిలువగలడు. వానిని చీపురుకట్టతో ఊడ్చి పారవేసినవాడు ఎంత దగ్గినను దగ్గు సాక్ష్యము కాదు.

సి.టి. స్కాను ఎక్స్‌రేకు తమ్ముడు. అవే కిరణములు; కాని గొట్టము రోగి చుట్టును తిరుగును, గణకయంత్రము ఆ కొలతలన్నిటిని కూర్చి, రొట్టెను ముక్కలుగా కోసి చూపినట్లు దేహమును పొరపొరగా చూపును. దీనిని నిర్మించినవాడు ఇంగ్లండుదేశపు హౌన్స్‌ఫీల్డు. ఆయన పనిచేసిన ఇ.ఎం.ఐ. కంపెనీ, కుక్కబొమ్మగల గ్రామఫోను రికార్డులను మన తాతల యిండ్లకు పంపిన కుటుంబములోనిదే. మొదటి రోగికి 1971 అక్టోబరు 1వ తేదీని లండనులోని వింబుల్డనునందు తలస్కాను తీసిరి. 1979లో హౌన్స్‌ఫీల్డునకును కార్మాకునకును నోబెలు బహుమానమిచ్చిరి. తలకు దెబ్బ తగిలి మెదడులో రక్తము కారుచున్నదో లేదో నిమిషములలో చెప్పగలది ఇదే. రహదారి ప్రమాదములందును, కట్టడములపై నుండి, ఓడలపై నుండి జారిపడిన కార్మికుల విషయమందును ప్రాణము దీనిపై నాధారపడియుండును. అయితే దీనియందలి కిరణములపాలు హెచ్చు. రొమ్ము ఎక్స్‌రే యొక్కటి తీసిన, ప్రకృతినుండి కొలది దినములలో మనకు సోకు కిరణములంత సోకును, కడుపునకు సి.టి. తీసిన, రెండు మూడు సంవత్సరములలో సోకునంత సోకును. అవసరమైనపుడు ఇది లెక్కింపదగినది కాదు. అనవసరముగా మూడుమారులు తీయుట మాత్రము లెక్కింపదగినదే.

2021లో కోవిడు వ్యాధి రెండవమారు విజృంభించినపుడు మన పట్టణములందు జరిగినదేమి? చిన్న దగ్గు వచ్చినవాడును సి.టి. కేంద్రమునకు పరుగిడెను, వైద్యుని చీటి లేకయే తీయించుకొనినవారు నాకు దెలిసినవారిలోనే పలువురుండిరి. ఆ మేనెలలో ఢిల్లీ అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థకు అధ్యక్షులుగా నుండిన రణదీప్ గులేరియా, తేలికపాటి జబ్బునకు సి.టి. తగదనియు, ఒక్క సి.టి. 300 మొదలు 400 రొమ్ము ఎక్స్‌రేలకు సమానమనియు హెచ్చరించిరి. రేడియాలజిస్టుల సంఘమువారు ఆ లెక్క పాతయంత్రములదని ఆక్షేపించిరి. లెక్కపై తగవుండవచ్చును; హితవు మాత్రము సరియైనదే.

ఇక గర్భిణులందరు ఎరిగిన స్కానింగు అల్ట్రాసౌండు. దీనియందు కిరణములు లేవు, శబ్దము మాత్రమే. మనుష్యుని చెవి యొక సెకండునకు ఇరువదివేల కంపనములకు పైబడిన శబ్దమును వినలేదు. ఈ యంత్రము పదిలక్షల లెక్కను కంపించు శబ్దమును దేహములోనికి పంపి, ప్రతిధ్వనులను పటముగా వ్రాయును. విశాఖవాసులకు ఇది పరాయివిద్య కాదు. సముద్రములోతునను జలాంతర్గామిని వెదకు నౌకాదళమువారి సోనారు విద్యయు ఇదే. ఓడరేకుల అతుకులలో పగులున్నదేమో పరీక్షించు విద్యయు ఇదే. స్కాట్లండునందు గ్లాస్గో నగరమున ప్రసూతి వైద్యుడగు ఇయాన్ డోనాల్డు, 1955లో బాయిలర్లు చేయు కర్మాగారమునకు, శస్త్రచికిత్సలో తీసిన కణితులను మోటారులో వేసికొనిపోయి, ఇనుములో పగుళ్లను కనిపెట్టు యంత్రముతో వానిని పరీక్షించెను. బాయిలరులో లోపమును చెప్పగలది స్త్రీగర్భమందలి కణితిని చెప్పలేదా యని ఆయన సందేహము. 1958లో లాన్సెట్ అను వైద్యపత్రికయందు ఫలితములు ప్రకటించెను. నయముకాని పుండని ఇతరులు ఆశ విడిచిన యొక స్త్రీకి, ఉన్నది నీటికణితియేయని ఈ యంత్రము చెప్పుటయు, శస్త్రము చేసి ఆమెను బ్రతికించుటయు జరిగెను. కమ్మరి కొలిమిలోనుండి పుట్టి మంత్రసాని చేతికి వచ్చిన పనిముట్టు ఇది. ఓడలు కట్టు ఊరిలో దీనిని గూర్చి ఇంత భయమేలయో, ఇంత అజ్ఞానమేలయో!

భయపడవలసినది యంత్రమునకు కాదు, దానిని త్రిప్పు చేతికి. గర్భమందలిది ఆడశిశువని తెలిసికొని నలిపివేయుటకు దీనిని వాడినవారు మన తెలుగుదేశమందును లేకపోలేదు. 1994లో చేసి 1996 జనవరి 1వ తేదీనుండి అమలుపరచిన చట్టము లింగనిర్ధారణను నేరముగా జేసినది. 2003లో దానికి మరింత పదును పెట్టిరి. అట్లయినను అవిభక్త ఆంధ్రప్రదేశమున ఆరేండ్లలోపు మగపిల్లలు వేయిమందికి ఆడపిల్లలు 2001లో 961 మందియుండగా, 2011 నాటికి 939 మందికి దిగిరి. చట్టము గోడకు వ్రేలాడదీసిన పలకయందున్నది. పలుకు చెవిలో నున్నది. బిడ్డ ఆడయో మగయో చెప్పుమని యడుగుటయు నేరమేయని యత్తమామలకు చెప్పవలసిన వారెవరు? ఆ యింటి చదువుకొనిన పిల్లలే చెప్పవలెను.

ఎం.ఆర్.ఐ. యంత్రమున కిరణములును లేవు, శబ్దమును లేదు, అనగా పటము శబ్దముతో వ్రాయబడదని భావము. యంత్రమునుండి వచ్చు చప్పుడు మాత్రము చెవులు బ్రద్దలగునంత యుండును. ఇది మహాయస్కాంతము. భూమియొక్క అయస్కాంతశక్తికి ముప్పదివేల రెట్లుండు యంత్రములు సామాన్యముగా వాడుకలో నున్నవి. దేహమందలి నీటిలోని హైడ్రొజను పరమాణువులను ఈ శక్తి కదలించి, వాని జవాబును వినును. మెదడు, వెన్నుపూస, కీళ్లు, కండరములు వీనిని ఇంత స్పష్టముగా చూపు యంత్రము మరియొకటి లేదు. 2003లో లాటర్‌బరు, మాన్స్‌ఫీల్డులకు ఇందులకే నోబెలు బహుమానము వచ్చినది. ఉక్కుపట్టణమువారు దీని విషయమున మిక్కిలి యెచ్చరికతో నుండవలెను. వెల్డింగు, గ్రైండింగు పనులు చేయువారి కంటిలో ఎన్నడో పడి మరచిపోయిన ఇనుపరజను అయస్కాంతము లాగినపుడు కదలి కంటిని చీల్చగలదు. కావున లోహపుపని చేసినవాడు ఆ మాట ముందే చెప్పవలెను. సందేహమున్న వైద్యులు ముందు కంటికి ఎక్స్‌రే తీయింతురు. గుండెకు పేస్‌మేకరు అమర్చుకొనినవారును, శరీరమున ఇనుపముక్క మిగిలినవారును చెప్పితీరవలెను. 2018 జనవరిలో బొంబాయి నాయర్ ఆసుపత్రిలో, రోగితో వచ్చిన యొక యువకుడు ప్రాణవాయువు సిలిండరును చేతబట్టుకొని ఆ గదిలోనికి పోగా, యంత్రము సిలిండరుతోకూడ ఆతని లాగివేయుటచే మరణించెను. మేస్త్రీకి, కూలికి, వెల్డరుకు వారి భాషలో అడుగవలసిన నాలుగు ప్రశ్నలను ఆంగ్లములో అచ్చువేసి వ్రేలిముద్ర వేయించుకొను కేంద్రములను నేను చూచితిని. దానిని సమ్మతిపత్రమని పిలుచుట చట్టమునకే అవమానము.

క్యాన్సరు దేహమున ఎంతవరకు ప్రాకినదో చెప్పు పెట్ స్కాను మరియొకటి. దీనికై రోగికి ఎక్కించు ద్రవ్యము 110 నిమిషములలో సగము నశించును. కావున దానిని తయారుచేయు స్థలము దూరమున నుండరాదు. ఇది మహాధనసాధ్యము. టాటా స్మారక కేంద్రమువారి హోమీ భాభా క్యాన్సరు వైద్యశాల అగనంపూడిలో నుండుట ఉత్తరాంధ్రమునకు గొప్ప సహాయము.

యంత్రములు తెలిసినవి, చట్టము చెప్పునదేమి? 1992 జూలైలో వంగదేశమున ఒక వ్యవసాయకూలి రైలునుండి పడి తల పగులగొట్టుకొనెను. గ్రామమందలి ఆరోగ్యకేంద్రమున వసతి లేదనిరి. పైయాసుపత్రికి పొమ్మనిరి. రాత్రికిరాత్రి కలకత్తాకు చేర్చిరి. ఒకచోట పడకలు లేవు, మరియొకచోట ఆ చికిత్స లేదు. నడుమ బయట డబ్బిచ్చి సి.టి. తీయింపగా, తలలో రక్తస్రావమున్నదని తేలినది. రోగమేమో తెలిసిన పిమ్మటకూడ ఏ ప్రభుత్వ వైద్యశాలయు చేర్చుకొనలేదు. చివరకు ప్రయివేటు ఆసుపత్రిలో సుమారు 17,000 రూపాయలు వ్యయించి బ్రతికెను. ఆతని కూలీసంఘము సుప్రీముకోర్టునకు పోయెను. 1996 మేనెలలో వెలువడిన తీర్పునందు, అత్యవసర చికిత్స నిరాకరించుట రాజ్యాంగము 21వ అధికరణమిచ్చిన జీవనహక్కును భంగపరచుటయే యనిరి. ఆ కూలికి 25,000 రూపాయలు పరిహారమిప్పించిరి. జిల్లా, ఉపజిల్లా వైద్యశాలలలో సాధనములు పెంపొందింపవలెననియు ఆదేశించిరి. ధనము లేదను సాకు రాజ్యాంగవిధికి చెల్లదని స్పష్టముగా వ్రాసిరి. యారాడనుండి కొండయెక్కి వచ్చు రోగికి ఆ తీర్పు వర్తింపదని ఎవరనగలరు?

మన ప్రభుత్వ వైద్యశాలలను తృణీకరించుట నా యుద్దేశము కాదు. 1923లో తలుపులు తెరచిన కింగ్ జార్జి ఆసుపత్రి నూరేండ్లు నిండినను, శ్రీకాకుళమునుండియు, మన్యమునుండియు, ఒడిషా సరిహద్దునుండియు వచ్చు దిక్కులేనివారికి అదియే దిక్కు. 2020 మే 7వ తేదీని వెంకటాపురమున విషవాయువు వెలువడిన తెల్లవారుజామున ప్రజలను మోసికొనిపోయినది అచ్చటికే. అట్టి వైద్యశాలలలో యంత్రముండియు దానికి వంతు రాకపోవుట, వంతు వచ్చుసరికి యంత్రము చెడియుండుట, యంత్రము బాగున్నను పటము చదువు రేడియాలజిస్టు లేకపోవుట — ఈ మూడింటిలో ఏది తటస్థించినను రోగి బయటికి పోవును. బయట వాని నెదుర్కొనునది వర్తకము. అందులో నిజాయితీపరులును గలరు. కాని రోగిని పంపిన వైద్యునకు స్కానింగు కేంద్రము వాటా పంచుట యను దురాచారము రహస్యము కాదు. 2002 నాటి వైద్యవృత్తి నియమావళి ఈ వాటాను స్పష్టముగా నిషేధించినది. నిషేధము కాగితమునందున్నంతకాలము, రోగికి కావలసిన స్కాను ఏదియో, వైద్యునకు లాభించు స్కాను ఏదియో విడదీయుట కష్టము. ఈ యనుమానము మంచి వైద్యుని గౌరవమును సైతము తినివేయుచున్నది. దీనికి మొదట లేచి నిలువవలసినవారు వైద్యులే.

నా కక్షిదారులలో నొక బెస్తవాని సంగతి చెప్పెదను. పడవ తీరమునకు లాగుచుండగా నడుము పట్టుకొనిపోయినది. ఒక ఆసుపత్రిలో ఎం.ఆర్.ఐ. తీసిరి, పటములు తమవద్దనే యుంచుకొనిరి. రెండవ ఆసుపత్రికి పోగా, పాతపటము లేదు గనుక మరల తీయుమనిరి. మూడవచోట, బయటి పటములను తాము నమ్మమనిరి. మూడు స్కానులకు అయిన వ్యయము ఆతని వలల వెలను మించినది. వ్యాధి మాత్రము మూడింటను ఒక్కటే. ఈ దోపిడికి మందు ఇదివరకే యున్నది: పైన చెప్పిన నియమావళిప్రకారము రోగి గాని, వాని తరపువారు గాని కోరిన 72 గంటలలో వైద్యపత్రములను ఇచ్చితీరవలెను; వైద్యుడు వానిని మూడేండ్లు భద్రపరుపవలెను. కోరిక వ్రాతమూలముగా నుండవలెను, తేదీ వేయవలెను, నకలు దగ్గర నుంచుకొనవలెను. పటమును, చదివినవారి సంతకముగల నివేదికను, గణకయంత్రపు డిస్కును మూడింటిని అడుగుడు. ఒకటి ఇచ్చి రెండు దాచుట ఆచారమైపోయినది.

ఇక స్వదేశీమాట. 1941లో వాల్చంద్ హీరాచందు గారు సింధియా కంపెనీ పేరిట ఓడలు కట్టుటకు విశాఖకు వచ్చినపుడు, ఆ నౌకానిర్మాణశాలకు బాబూ రాజేంద్రప్రసాదుగారు శంకుస్థాపన చేసిరి. 1948 మార్చి 14వ తేదీని 'జల ఉష' నీట దిగినది. ఆనాడు ఓడ, ఈనాడు స్కాను యంత్రము. మన వైద్యశాలలలోని సి.టి., ఎం.ఆర్.ఐ. యంత్రములలో అత్యధికభాగము విదేశములనుండి దిగుమతియైనవే. అయస్కాంతమును చల్లార్చు ద్రవ హీలియముసైతము మనది కాదు. యంత్రము చెడిన విడిభాగమునకై సముద్రములు దాటవలెను. ఆ వెల రోగి బిల్లులో వచ్చి చేరును. 2018 డిసెంబరు 13వ తేదీని, యారాడ కొండలకు చేరువనే, పెదగంట్యాడ ప్రాంతమున 270 ఎకరములలో ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోను ప్రారంభమైనది; ఆ దినములలోనే ప్రపంచ ఆరోగ్యసంస్థవారి వైద్యసాధనముల మహాసభయు విశాఖలో జరిగినది. 2023లో బెంగుళూరునందు వాక్సెల్‌గ్రిడ్స్ అనువారు స్వదేశీ ఎం.ఆర్.ఐ. యంత్రమును సిద్ధపరచిరి. ఇవి సంతోషింపదగిన సంగతులు. అయినను ఒక మాట: సింధియా కట్టిన ఓడయందు విశాఖ కూలివాడు ప్రయాణము చేయలేదనిన, ఓడ ధర్మము వేరు. వైద్యయంత్రమట్లు కాదు. కొండకొకప్రక్క యంత్రములు తయారగుచుండగా రెండవప్రక్కను గర్భిణి స్కానింగునకై మూడు వాహనములు మారవలసివచ్చిన, ఆ స్వదేశీ ఇంకను సగమే.

యంత్రమును పల్లెకు తీసికొనిపోవుట సాధ్యమా యని యడుగువారికి మదనపల్లె చరిత్ర చాలును. 1950 మొదలు 1955 వరకు ఆరోగ్యవరము క్షయ వైద్యశాలకు చెందిన ఫ్రిమాట్ మోలరుగారి పరిశోధకబృందము, మదనపల్లె పట్టణమునందును చుట్టుపట్ల పల్లెలందును ఇంటింటివారికి ఎక్స్‌రే తీసి క్షయను వెదకినది. ఆనాటి యంత్రము బరువైనది, బాటలు చెడ్డవి. నేడు ఎక్స్‌రే యంత్రము చేతిసంచిలో పట్టును. 2024 డిసెంబరు 7వ తేదీని ఆరంభించిన నూరుదినముల క్షయనిర్మూలన ప్రచారమున అట్టి చేతియంత్రములనే వాడిరి. అల్ట్రాసౌండు యంత్రమును ఇంకను చిన్నది. దానికి లింగనిర్ధారణ చట్టముక్రింద నమోదు, ఎక్స్‌రేకు అణుశక్తి నియంత్రణమండలి అనుమతి కావలెను, అంతే. పటము యారాడలో తీసి, తంతిలేని వార్తామార్గమున విశాఖకు పంపి, అచ్చటి రేడియాలజిస్టుచే చదివించుటకు 2015 నాటి ఉచిత రోగనిర్ణయ పథకపు నియమములలోనే తావున్నది.

కావున కోరదగినది పెద్దది కాదు. వారమున కొక నియతదినమున గర్భిణులకై అల్ట్రాసౌండును, దగ్గువారికై ఎక్స్‌రేను కొండదాటించి యారాడకు పంపవలెను. సి.టి., ఎం.ఆర్.ఐ. అవసరమని తేలినవారికి పట్టణమున ప్రభుత్వ వైద్యశాలయందు వంతుతేదీని అచ్చటనే వ్రాసి యివ్వవలెను. ఆ తేదీనాడు యంత్రము చెడియున్న, బయట తీయించు వ్యయము ప్రభుత్వమే భరింపవలెను. ప్రతి స్కానింగు కేంద్రమునందును ధరలను తెలుగున, వాకిట వ్రాయింపవలెను. యారాడ గ్రామస్థులు, మత్స్యకార సంఘమువారు ఈ మేరకు జిల్లా వైద్యాధికారికి విజ్ఞాపన వ్రాయుదురేని, దానిని చట్టరీత్యా దిద్ది యిచ్చుటకు నేనును నా తోడి న్యాయవాదులు కొందరును సిద్ధముగా నున్నాము. రుసుము లేదు, గ్రామమునందలి వ్యాధిగ్రస్తుల పాతపటములను, చీటీలను మాత్రము పోగుచేసి తీసికొనిరావలెను.